వంతెనల నిర్మాత హొరేస్ కింగ్

గొప్పవారి జీవితములు వ్రాయబూనినవారు సాధారణముగా రాజులను, సేనానులను, కవులను, దేశభక్తులను ఎన్నుకొందురు. మన గ్రంథాలయపు బీరువాలలోను అట్టివారి చరిత్రములే హెచ్చుగా నున్నవి. అవి చదువదగినవే. అయినను ఈ రజతోత్సవ సంచికయందు నేనొక వడ్రంగి చరిత్రము వ్రాయ సాహసించుచున్నాను. అతడు మన దేశమువాడు కాడు. అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున, పందొమ్మిదవ శతాబ్దిలో, నదులమీదను వాగులమీదను కొయ్యతో కప్పు వంతెనలు కట్టిన హొరేస్ కింగ్ అనువాడు. పుట్టుకచే ఆయన బానిస. వేలకొలది జనము కాలు తడియకుండ ఏరు దాటుటకు దారి వేసిన యీ మనుష్యుడు, తన ముప్పదితొమ్మిదవ యేటగాని తన దేహమునకు తాను యజమాని కాలేదు.

కప్పు వంతెన యనగా మన పాఠకులలో పెక్కుమందికి వింతగా తోచవచ్చును. మన సీమలో వంతెనలకు రాయి, ఇటుక, సున్నము, ఇటీవల ఇనుము, సిమెంటు వాడుటయే యెఱుగుదుము. వంతెనకు ఇంటివలె గోడలు నిలిపి పైన కప్పు వేయుట మనకు అలవాటు లేదు. అమెరికాలో ఆ కాలమున అడవులు దట్టములు, కలప చౌక, ఇనుము ప్రియము. కావున అక్కడివారు వంతెనలను కొయ్యతోనే కట్టిరి. అయితే వానకు తడిసి ఎండకు ఎండు కొయ్య ఎంతటి గట్టిదైనను పదిపదునైదేండ్లకు మించి నిలువదు. అతుకుల సందులలో నీరు చేరి కుళ్ళు పుట్టును. ఆ అతుకులకు తడి తగులనీయకున్నచో అదే కొయ్య నూఱేండ్లు నిలుచును. అందుచేత వంతెనకు ఇరుప్రక్కల బల్లలు తాపి, పైన కొయ్య పెంకులతో కప్పు వేయుచుండిరి. చూచువారు అది బాటసారులకు నీడకొఱకని తలతురు. బాటసారికి నీడ దొరకుట నిజమే. కాని కప్పు వేసినది దూలముల కొఱకు. మన రైతు వానకాలమున బండిని పాకలోనికి ఎందుకు తోయునో తెలిసినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

హొరేస్ కింగ్ 1807వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన దక్షిణ కరోలినా రాష్ట్రమున చెస్టర్‌ఫీల్డ్ జిల్లాలో జన్మించెను. ఆయన రక్తములో మూడు జాతులు కలిసినవి. ఆఫ్రికా నుండి పట్టి తెచ్చిన నీగ్రోల రక్తము, తెల్లవారి రక్తము, ఆ దేశపు ఆదివాసులైన కటాబా జాతివారి రక్తము ఆయనయందు కలవు. ఎన్ని జాతులు కలిసినను తల్లి బానిస గనుక బిడ్డయు బానిసయే. ఆ దేశపు ధర్మశాస్త్రము అట్లుండెను. పశువుల మందలో దూడ యెవరిదో నిర్ణయించు పద్ధతియే మనుష్యులకును వర్తింపజేసిరి.

ఆయన బాల్యమునుగూర్చి చెప్పదగినది స్వల్పము. ఉలియు బాడితయు చిన్ననాటనే చేతబట్టెను. చదువను వ్రాయను నేర్చెను. ఈ రెండవది సామాన్య విషయము కాదు. తరువాత ఆయన నివసించిన అలబామా రాష్ట్రమున 1832లో ఒక శాసనము చేసి, బానిసలకుగాని స్వతంత్రులైన నల్లవారికిగాని అక్షరములు నేర్పినవారికి 250 మొదలు 500 డాలర్ల వఱకు జుల్మానా విధించిరి. మన గ్రామమున ఈ గ్రంథాలయమునకు వచ్చి ఎవరైనను ఏ పుస్తకమునైనను అడిగి తీసికొనిపోవుచున్న రోజులలో ఆ శాసనమును ఒకసారి తలచుకొనుట మంచిది.

సుమారు 1830 ప్రాంతమున, మొదటి యజమాని మరణించిన పిదప, జాన్ గాడ్విన్ అను కంట్రాక్టరు కింగును కొనెను. గాడ్విన్ ఇండ్లును వంతెనలును కట్టించువాడు. ఆ జిల్లాలోనే చెరా అను ఊరివద్ద పీడీ నదిపై 1824లో ఇథియల్ టౌన్ అను ప్రసిద్ధ శిల్పి పద్ధతిలో ఒక వంతెన లేచియుండెను. పదునేడేండ్ల పనివాడైన కింగ్ దానిని చూచియే యుండవచ్చును. ఎట్లయినను, ఆ పద్ధతియే ఆయన జీవితవిద్య యయ్యెను. దానిని కొంచెము వివరింపవలెను.

ఇథియల్ టౌన్ 1820లో ఒక కొత్త కట్టుబడికి పేటెంటు పొందెను. అంతకుముందు పెద్ద వంతెన కట్టవలెనన్నచో మహావృక్షములను పడవేసి, బరువైన దూలములు చెక్కి, వానిని చిత్రవిచిత్రములైన అతుకులతో కలుపవలసివచ్చెడిది. అట్టి పనికి ఆఱితేఱిన వడ్రంగులు కావలెను. టౌన్ పద్ధతిలో దూలములతో పని లేదు. రంపపు మిల్లులో కోసిన మామూలు పలకలు చాలును. మన యిండ్లలో వెదురుబద్దలను ఏటవాలుగా ఒకదానిపై నొకటి అడ్డముగా వేసి తడక అల్లుదుముగదా, అదేవిధముగా ఈ పలకలను ఏటవాలుగా ఇరువైపులనుండి వేసి, అవి కలిసికొను ప్రతిచోటను బరమాతో బెజ్జములు తొలిచి, గట్టి ఓక్ కొయ్యతో చేసిన లావుపాటి మేకులు సమ్మెటతో దిగగొట్టుదురు. అడుగునను పైనను పొడవునా పలకలతో బిగించుదురు. అట్లు తయారైన కొయ్యతడక ఒకటి కుడిప్రక్కను, ఒకటి యెడమప్రక్కను నిలుచును, నడుమ బాట. ఇనుపమేకుతో దాదాపు పనియే లేదు. బరువు ఏ ఒక్క అతుకుమీదను పడక, వందలకొలది మేకుల మీదికి పంచుకొనిపోవును. ఒక పలక పుచ్చిపోయినచో దాని నొక్కదానిని మార్చవచ్చును. వినుటకు సులభముగా నున్నదిగాని, బెజ్జము అంగుళములో నాల్గవవంతు తప్పినను మేకు దిగదు. దిగినను వదులై కదలును. వేలకొలది బెజ్జములు తప్పకుండ తొలిపించుట మేస్త్రీ కన్నుమీద ఆధారపడియుండును.

1832లో గాడ్విన్‌కు పెద్ద పని దొరకెను. జార్జియా రాష్ట్రపు సరిహద్దున, చట్టాహూచీ నది యొడ్డున, నాలుగేండ్ల క్రిందట వెలసిన కొలంబస్ పట్టణమువారు నదిపై వంతెన కట్టింపదలచిరి. ఆవలియొడ్డు అలబామా రాష్ట్రము. ఆ రెండు రాష్ట్రములను కలుపు మొదటి సార్వజనిక వంతెన అదియే. గాడ్విన్ కింగును వెంటబెట్టుకొని సకుటుంబముగా వచ్చి, ఆవలియొడ్డున గిరార్డ్ అనుచోట కాపురము పెట్టెను. ఆ ఊరే నేటి ఫీనిక్స్ సిటీ. ఆ భూములు అప్పటికి క్రీక్ జాతి ఆదివాసులవి. ఆ యేటి సంధిచే వారికి పట్టు సడలి, మఱి నాలుగేండ్లలో వారిని సైన్యముచే పడమటికి వెడలగొట్టిరి. వంతెన వచ్చినచోటికి దారి వచ్చును, దారివెంట ఎవరెవరో వత్తురు. ముందున్నవారికి అది యెప్పుడును మేలు కాదు. ఈ కథలో ఆ భాగమును దాచుట తగదు.

వంతెన ఇంచుమించు 560 అడుగుల పొడవు. రాతి స్తంభములపై కొయ్యతడకలు నిలిపి, కప్పువేసి, గాడ్విన్ దానిని ముగించెను. పైకి కంట్రాక్టరు గాడ్విన్. పనిలో మేస్త్రీ కింగ్. ఆయన చేతిక్రింద పనిచేసిన వారిలో పెక్కుమంది ఆయనవలెనే బానిసలు. తరువాతి యేండ్లలో వెస్ట్ పాయింట్ వద్దను, యుఫాలా వద్దను, ఫ్లారెన్స్ వద్దను అదే నదిపై వీరిరువురు వంతెనలు కట్టిరి. 1840 నాటికి నిర్మాతలుగా గాడ్విన్ పేరుతోపాటు కింగ్ పేరును జనులు చెప్పుకొనసాగిరి. బానిస పేరు యజమాని పేరుతో సమానముగా వినబడుట ఆ దేశమున ఆ దినములలో చాల అరుదు.

పేరు వచ్చినంతమాత్రాన స్థితి మాఱలేదు. ఆ కాలమున నేర్పుగల బానిస యనగా యజమాని ఆస్తిలో మిక్కిలి విలువగల భాగము. యజమానికి అప్పులైనచో ఋణదాతలు మొదట చేయివేయునది అట్టివానిమీదనే. 1837లో అమెరికాలో వ్యాపారములు కూలి, బ్యాంకులు మూతబడెను. ఆ సంవత్సరమే గాడ్విన్ కింగుపై తన హక్కును భార్యకును ఆమె బంధువొకనికిని బదిలీచేసెను. అప్పులవారి చేతిలో పడకుండ చేయుటకే యట్లు చేసెనని చరిత్రకారుల యభిప్రాయము. గాడ్విన్ ఆయనను కాపాడినాడనుట నిజమే. కాని కాపాడిన విధము చూడుడు: దస్తావేజులో ఒక పేరు కొట్టివేసి మఱియొక పేరు వ్రాయుట! గాడ్విన్ దయగలవాడైనంతమాత్రమున ఆ వ్యవస్థ దయగలదని యెవరును తలపరాదు.

1839లో కింగ్ ఫ్రాన్సెస్ గౌల్డ్ థామస్ అను స్త్రీని వివాహమాడెను. ఆమె బానిస కాదు, స్వతంత్రురాలు. తల్లిని బట్టియే బిడ్డ స్థితియని ముందు చెప్పితిని గదా. ఏ శాస్త్రము కింగును పుట్టుకతో బానిసను చేసెనో, ఆ శాస్త్రమే ఆయన బిడ్డలను పుట్టుకతో స్వతంత్రులను చేసెను. బానిసకు పుట్టు సంతానము యజమాని లాభము గనుక, స్వతంత్రురాలిని పెండ్లాడుటకు యజమానులు సామాన్యముగా ఒప్పుకొనరు. గాడ్విన్ కుటుంబము ఒప్పుకొనెను. ఆ దంపతులకు నలుగురు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాని పేరు వాషింగ్టన్; వేఱొకనికి నెపోలియన్ సేనానియైన మార్షల్ నే పేరు పెట్టిరి. తండ్రి తనకు తాను చెందినవాడు కాకున్నను కొడుకులకు దండనాథుల పేర్లు పెట్టుకొనెను.

1841 మార్చిలో చట్టాహూచీకి గొప్ప వఱద వచ్చి, కొలంబస్ వంతెనను కొట్టుకొనిపోయెను. గాడ్విన్, కింగ్ కలిసి దానిని మరల నిలబెట్టిరి. వంతెనలు కట్టువారికి వఱద శత్రువో మిత్రమో చెప్పలేము.

ఈ కాలముననే టస్కలూసా పట్టణపు న్యాయవాదియు, రంపపు మిల్లులు, బండిదారులు, ఆశీలు వంతెనలు కలిగిన ధనికుడును, శాసనసభ్యుడును అగు రాబర్ట్ జెమిసన్‌తో కింగునకు పరిచయమయ్యెను. జెమిసన్ పనులమీద కింగ్ మిసిసిపీ రాష్ట్రమువఱకు పోయి వంతెనలు కట్టెను. యజమాని వెంటలేకయే పనులు ఒప్పుకొనుచు, లెక్కలు చూచుచు, రాష్ట్రములు తిరుగుచుండెను. చూచినవారికి స్వతంత్రునివలెనే కనబడియుండును. చట్టము దృష్టిలో మాత్రము ఆయన ఒకరి సొత్తు.

1846లో ఆ బంధము తెగెను. తెగిన విధము విచిత్రము. యజమాని బానిసను విడుదల చేయదలచినంత మాత్రమున అలబామాలో పని కాదు. 1834 నాటి శాసనము ప్రకారము, విడుదల పొందిన బానిస పండ్రెండు నెలలలో రాష్ట్రము విడిచిపోవలెను. తిరిగి వచ్చినచో పట్టి అమ్మవచ్చును. స్వతంత్రులైన నల్లవారిని చూచి మిగిలినవారికి ఆశ పుట్టునని ప్రభువుల భయము. అనగా కింగ్ స్వేచ్ఛ కోరినచో, పదునాలుగేండ్లుగా తాను కట్టిన వంతెనలను, సంపాదించిన పేరును, భార్యాబిడ్డలతో నిలుపుకొన్న ఇంటిని విడిచి ఎక్కడికో పోవలెను. విడువనన్నచో బానిసగనే యుండవలెను. ఈ చిక్కును విప్పుటకు జెమిసన్ పూనుకొనెను. గాడ్విన్ దంపతులును, వారి బంధువును సమ్మతించిరి. 1846 ఫిబ్రవరి 3వ తేదీన అలబామా శాసనసభ హొరేస్ కింగ్ అను ఒక్క మనుష్యుని కొఱకు ప్రత్యేకముగా ఒక శాసనము చేసి, ఆయనను విముక్తుని గావించి, రాష్ట్రము విడిచిపోవలెనను నిబంధననుండి మినహాయించెను. వంతెన కట్టించుకొనుటకు శాసనసభలు చట్టములు చేయుట కలదు. వంతెన కట్టువాడు తన ఇంట తాను నివసించుటకు ఒక చట్టము కావలసివచ్చెను.

మన గోదావరిపై ధవళేశ్వరమువద్ద కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టినది దీని మఱుసటి యేడు, 1847లో. ఆ రెంటికిని సంబంధము లేదు. కాలమును పోల్చుకొనుటకు మాత్రమే చెప్పుచున్నాను.

కింగ్ కట్టిన పెద్ద వంతెనలు అన్నియు పోయినవి. వఱదలు కొన్నింటిని, నిప్పు కొన్నింటిని, ఇనుప వంతెనలు కొన్నింటిని మ్రింగినవి. మిగిలినది చిన్నదొకటి. జార్జియాలో మెరివెదర్ కౌంటీలో, వుడ్‌బరీ అను ఊరి సమీపమున, రెడ్ ఓక్ క్రీక్ అను వాగుమీద అది కలదు. 1840 తరువాతి దశకమున కింగ్ దానిని నిర్మించెనని ప్రసిద్ధి. వాగు చిన్నది. మామూలు దినములలో పిల్లవాడు మోకాళ్ళలోతున దాటగల వాగులే మన గ్రామములచుట్టును ఎన్నియో కలవు. అవి ఆషాఢము వచ్చునప్పటికి బండ్లను పశువులను కొట్టుకొనిపోవుట మనకు తెలియని సంగతి కాదు. పెద్దనదికి పడవ యుండును, బల్లకట్టు ఉండును. ఇట్టి వాగునకు ఏదియు ఉండదు. అట్టిచోట గ్రామస్థులకు వంతెన యొక్క విలువ పట్టణమువారికి అర్థము కాదు.

ఆ వంతెనలో కప్పువేసిన భాగము సుమారు 115 అడుగులు. ఇరువైపులను ఎత్తైన కొయ్యదారులు కలుపుకొన్నచో మొత్తము 391 అడుగులు. వాగు చిన్నదైనచో వంతెన యింత పొడవేలయని యడుగవచ్చును. వఱదనీరు గట్లుపొర్లి ఇరుప్రక్కల పల్లములు నిండునప్పుడుకూడ దారి మునుగకుండుటకు అట్లు చేసిరి. ఎండకాలపు వాగును చూచి వంతెన కట్టువాడు మొదటి వఱదకే నవ్వులపాలగును. కింగ్ 1841 వఱదను కన్నులార చూచినవాడు.

ఇట్టి వంతెన పని సాగు క్రమము ముచ్చటగా నుండును. ముందు స్తంభములు కట్టుదురు. కొయ్యతడకలను తరచుగా నేలమీదనే, చదునైన పొలములో పరచి చూతురు. పలకలు వరుసగా వేసి, నూలుదారముతో గుఱిచూచి, బెజ్జములు తొలిచి, ఏ పలక ఎక్కడిదో గుర్తులు గీయుదురు. పిమ్మట ఊడదీసి, వాగుమీద సారువ కట్టి, దానిపై మరల గుర్తులప్రకారము కూర్చుదురు. నడిమి భాగము రవంత పైకి లేచియుండునట్లు అమర్చుదురు. బరువు పడిన పిదప అది సమమగును. అన్ని మేకులు దిగిన తరువాత సారువ విప్పివేయుదురు. అప్పుడుగాని తెలియదు, వంతెన నిలుచునో నిలువదో. సారువలోని చివరి కొయ్య లాగునప్పుడు మేస్త్రీ మనసు ఎట్లుండునో, కొత్త యింటి దూలము ఎత్తించిన మన వడ్రంగులకు చెప్పనక్కఱలేదు. ఆ తరువాతనే గోడబల్లలును, కప్పును. ఒకే బండి పట్టునంత బాట. ఎదురుగ మఱియొక బండి వచ్చినచో ఒకరు ఆగవలసినదే.

విముక్తి పొందిన పిదప కింగ్ చేతిమీదుగా జరిగిన పనులలో ఒకటి వంతెన కాదు. అలబామా రాజధానియైన మాంట్‌గోమరీలో శాసనసభా భవనము 1849 డిసెంబరులో కాలిపోగా, 1850, 1851 సంవత్సరములలో మరల కట్టిరి. ద్వారము దాటి లోనికి పోగానే ఇరుప్రక్కల నుండి మెలిదిరిగి పైయంతస్తులకు పోవు కొయ్యమెట్లు రెండు వరుసలు కలవు. నడుమ వానికి ఆనిక స్తంభము లేదు, గాలిలో వ్రేలాడుచున్నట్లుండును. వానిని కట్టినవాడు కింగే యని ప్రసిద్ధి. వంతెన దూలమును వంచిన చేయికి మెట్లవరుసను వంచుట పరాయివిద్య కాదు. ఆ మెట్లను కొంచెము జ్ఞాపకముంచుకొనుడు.

1855లో కింగ్ మఱి యిద్దఱితో భాగస్వామియై, జార్జియాలో న్యూనన్, కరోల్టన్ పట్టణముల నడుమ చట్టాహూచీపై మూర్స్ బ్రిడ్జి అను వంతెన కట్టెను. కూలికి బదులు మూడవవంతు వాటా పుచ్చుకొనెను. కొంతకాలమునకు భార్యాబిడ్డలను వంతెనవద్దనే కాపురముంచెను. ఫ్రాన్సెస్ దాటువారివద్ద ఆశీలు వసూలు చేయుచు, పొలము సాగుచేయించుచుండెను. ఇతరుల కొఱకు ఇన్నేండ్లు వంతెనలు కట్టిన కుటుంబమునకు తమదని చెప్పుకొన వంతెన లభించెను.

1859 ఫిబ్రవరిలో గాడ్విన్ మరణించెను. చివరిదినములలో అతని స్థితి బాగులేదు. కింగ్ అతని సమాధిపై తన ఖర్చుతో ఒక శిలాస్తంభము నిలిపి, పోయిన మిత్రునియెడ, పూర్వపు యజమానియెడ తనకు గల ప్రేమకును కృతజ్ఞతకును గుర్తుగా దీనిని నిలిపితినని చెక్కించెను. అది ఫీనిక్స్ సిటీలో నేటికిని కలదు. బానిస యజమానికి సమాధిశిల వేయించుట వింతయని పత్రికలు ఆ సంగతిని ఎన్నియోసారులు ప్రకటించినవి. బానిసత్వము అంత చెడ్డది కాదని చూపుటకు దానిని వాడుకొన్నవారును కలరు. నాకు మాత్రము ఆ శిలలో కనబడునది వేఱు. మిత్రుడు, యజమాని యను రెండు మాటలను ఒకే వాక్యమున చెక్కించినవాడు దేనిని మఱచిపోలేదు.

1861లో యుద్ధము వచ్చెను. బానిసత్వమును నిలుపుకొనుటకై దక్షిణ రాష్ట్రములు వేఱుపడి, ఆ యేడు ఫిబ్రవరిలో మాంట్‌గోమరీ సభాభవనముననే తమ కొత్త ప్రభుత్వమును స్థాపించుకొనెను. ఆ పెద్దలందఱు ఎక్కిదిగినవి కింగ్ మెట్లే. కింగునకు ఆ వేర్పాటు ఇష్టము లేదు. అయినను అతనిని విడువలేదు. నదులలో శత్రునౌకలు రాకుండ అడ్డుకట్టలు వేయించుటకు నిర్బంధించి పనిచేయించిరి. జీవితమంతయు నదికి అడ్డుగా దారివేసిన వానిచేత నదికి అడ్డుగా అవరోధము వేయించిరి.

1864 జూలైలో ఉత్తరపు సైన్యపు అశ్వదళము మూర్స్ బ్రిడ్జిని చేరి, తగులబెట్టిపోయెను. బానిసలను విడిపింప వచ్చిన సైన్యమే, ఒక మాజీ బానిస కుటుంబపు జీవనాధారమును బుగ్గిచేసెను. యుద్ధములో వంతెన ఎవరిదని యడుగువారుండరు. ఆ యక్టోబరు 1వ తేదీన ఫ్రాన్సెస్ చనిపోయెను. 1865 ఏప్రిల్ 16వ తేదీన కొలంబస్ వద్ద పోరు జరిగి, అక్కడి వంతెనలును అగ్నికి ఆహుతియయ్యెను. దక్షిణ సేనాధిపతి లీ అంతకు వారముక్రితమే లొంగిపోయెను. రెండు నెలలు గడచియున్నచో ఆ వంతెనలు నిలిచియుండెడివి.

ఏబదియెనిమిదవ యేట, భార్యపోయి, సొంత వంతెన పోయి, కట్టిన వంతెనలు బూడిదయై, కింగ్ మరల ఉలి చేతబట్టెను. పనికి కొదువ లేదు. దేశమంతయు వంతెనలు కాలియున్నవి. కొలంబస్ నదిపై తాను యౌవనమున కట్టినదానిని, వఱద పిదప కట్టినదానిని మూడవసారి కట్టెను. ఇప్పుడు కొడుకులు వెంటనుండిరి. వారు చిన్ననాటినుండి తండ్రివెంట సారువలెక్కి పెరిగినవారు.

బానిసత్వము రద్దయి నల్లవారికి వోటు వచ్చిన పిదప, రస్సెల్ కౌంటీ ప్రజలు కింగును అలబామా శాసనసభకు ఎన్నుకొనిరి. 1868, 1872 సంవత్సరముల నడుమ ఆయన సభ్యుడుగా నుండెను. అందుకై ఆయన తహతహపడినవాడు కాడు. సభలో పెద్ద ఉపన్యాసములిచ్చి పేరుపొందినవాడును కాడు. సభకంటె పనిచోటే ఆయనకు ప్రియము. అయినను ఆ సభకు పోవునపుడెల్ల ఆయన ఎక్కవలసినవి ఆ మెలిదిరిగిన మెట్లే. ఇరువదియేండ్ల క్రిందట పనివాడుగా కట్టిన మెట్లను శాసనకర్తగా ఎక్కెను. తన యొక్కని విముక్తికై ప్రత్యేకశాసనము చేయవలసివచ్చిన రాష్ట్రమునకు, ఇప్పుడు శాసనములు చేయువారిలో తానొకడయ్యెను.

1869లో ఆయన మరల వివాహము చేసికొనెను. శాసనసభ కాలము తీరిన పిదప జార్జియాలో లాగ్రేంజ్ పట్టణమునకు కాపురము మార్చెను. అక్కడ వంతెనలేగాక దుకాణములు, పాఠశాలలు కట్టించెను. క్రమముగా పనిభారము కొడుకులమీద వేసెను. వారును చెల్లెలును కలిసి కింగ్ బ్రదర్స్ అను వంతెనల కంపెనీ నడపిరి. 1885 మే 28వ తేదీన లాగ్రేంజ్‌లో హొరేస్ కింగ్ మరణించెను. వయస్సు డెబ్బదియేడు. జార్జియాలోని పెద్ద పత్రికలన్నియు ఆయన మరణవార్తను ప్రకటించి జీవితమును కీర్తించెను. ఆ రాష్ట్రమున ఆ కాలమున నల్లవానికి అట్టి గౌరవము జరుగుట అపూర్వము. ఆయనను ఆ పట్టణముననే మల్బరీ వీధి శ్మశానవాటికలో సమాధిచేసిరి.

అదే సంవత్సరము, 1885లో, పెద్దకొడుకు వాషింగ్టన్ కింగ్ జార్జియాలో కోమర్ అను ఊరికి సమీపమున బ్రాడ్ నది దక్షిణశాఖపై 229 అడుగుల కప్పు వంతెన నొకటి పూర్తిచేసెను. వాట్సన్ మిల్ వంతెనయని దానికి పేరు. తండ్రి నేర్పిన టౌన్ పద్ధతియే, కొయ్యతడకలు, కొయ్యమేకులు. ఆ రాష్ట్రమున మిగిలియున్న కప్పు వంతెనలలో నిడుపైనది అదియే. ఒకప్పుడు జార్జియాలో రెండువందలకు పైగా నుండిన ఇట్టి వంతెనలలో నేడు ఇరువదికి లోపుగనే మిగిలినవి.

రెడ్ ఓక్ క్రీక్ వంతెన వానిలో మిక్కిలి పాతవానియందొకటి. దాని పలకలపై ఆనాటి బండ్లు పోయినవి, గుఱ్ఱములు పోయినవి. తరువాత మోటారుకార్లును ఒక్కొక్కటిగా, మెల్లగా, కప్పుక్రింది చీకటిలోనుండి పోయినవి. పలకలు కొన్ని మార్చిరి, కప్పు పలుమారులు మార్చిరి. వానకాలమున వాగు గట్లుపొర్లి పొలములు నిండునప్పుడు, నీరు వంతెనక్రిందుగా పోవును.